సగటులో కలిసిపోయిన మిల్లీమీటరు

వరద తీసిన ఇరవై రెండో రోజున మా కాలేజీ కింది అంతస్తులో ఉన్న పాత ఫ్రీజరును వరండాలోకి లాగించాం. నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడ మీద గీత చెబుతోంది. టేపు పెట్టి చూశాను. ఫ్రీజరు మూతకు పదకొండు అంగుళాలు పైన. తుంగభద్ర లోపల వదిలిపోయిన బురద అప్పటికే ఎండి బీటలు వారింది. పనికిరాని సామాను జాబితా రాయడం స్టోరు గుమాస్తాగా నా పని. వరస సంఖ్య, వస్తువు, ఎన్ని, స్థితి, రిమార్కులు, ఇవీ గడులు. నూట పద్నాలుగు వస్తువులు రాశాక, ఫ్రీజరు అడుగున బురద తీస్తున్న గరిటెకు ఏదో ఖంగుమని తగిలింది. బురద తుడిస్తే స్టీలు పోపుల పెట్టె.

ఎవరిదో మూత తీయకముందే తెలిసింది. కర్నూలులో ఇంకెవరైనా ప్రయోగశాల ఫ్రీజరులో పోపుల పెట్టె పెట్టారేమో నాకు తెలియదు, మా కాలేజీలో మాత్రం పాఠాలు చెబుతూ పరిశోధన చేసిన మేడం ఒక్కరే. ఆవాల గిన్నె స్థానంలో ఒక మందు, జీలకర్ర స్థానంలో ఇంకో మందు. మూత తెరిచాను. గిన్నెల్లో బురద నీళ్లు. నడిమి గిన్నెలో మాత్రం ఒక ప్లాస్టిక్ కవరు. దాని నోటిని కొవ్వొత్తి మంట మీద కాల్చి అతికించారు. అందులో ఇంకో కవరు, అదీ అతికించిందే. అందులో మూడోది. దాని లోపల దారం చుట్టిన కాగితం పొట్లం. తడి తగల్లేదు.

మేడం వేసవిలోనే పోయారు. వేంపల్లెలో, తమ్ముడి ఇంట్లో. ఆ సంగతి నాకు నెలా తొమ్మిది రోజులు ఆలస్యంగా తెలిసింది. పేరు రాయను. తన పేరు ఒక్కసారైనా పుస్తకం అట్ట మీద, పేరుకు ముందు డాక్టరు అన్న మాటతో చూసుకోవాలని ఆమెకు ఉండేది. యాభై ఒకటో ఏట పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకున్నారు. ఏడేళ్లు చేశారు. సమర్పించకుండానే రిటైరయ్యారు. ఎక్కాల్సిన చోట ఎక్కని పేరును నేను ఇక్కడ ఎక్కించడం బాగుండదు.

ఎందుకు సమర్పించలేదన్న ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉండేది. ఆరేళ్లు దాన్ని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆ పొట్లం విప్పినప్పటి నుంచి ఆ జవాబు నా దగ్గర లేదు.

మేడం వాళ్లది వేంపల్లెలో కిరాణా అంగడి. నాన్న త్రాసు పట్టుకుంటే కూతురు పొట్లాలు కట్టేదట. ఆ చేయి కాలేజీకి వచ్చినా మానలేదు. కాగితాన్ని బల్ల మీద పరిచి, వస్తువును నడుమ పెట్టి, నాలుగు వేళ్లతో మడిచి, దారాన్ని పళ్లతో పట్టి చుడితే తొమ్మిది సెకన్లు. నేను గడియారం పెట్టి చూశాను. సుద్ద ముక్క దగ్గర నుంచి గాజు పలక దాకా ఏదిచ్చినా పొట్లమే. ఏ వస్తువుతో ఏ కాగితం వస్తే ఆ కాగితంలోనే దాన్ని చుట్టేవారు. "అంగట్లో పసుపు పొట్లం మింద మిరపపొడి అని రాసి ఉంటే ఊరు ఊరంతా వచ్చి కొడతారప్పా" అనేవారు.

గడియారం మగవాళ్లది పెట్టుకునేవారు, అద్దం మణికట్టు లోపలి వైపుకు తిప్పి. టైము చూసుకోవాలంటే అరచేయి పైకెత్తాలి. దూరం నుంచి చూసేవాళ్లకు ఎవరినో ఏదో అడుక్కుంటున్నట్టు ఉండేది. కాగితంలో తాను చదివి ఒప్పుకున్న అంకె పక్కన చిన్న అడ్డగీత పెట్టేవారు. అందరం టిక్కు కొడతాం, ఆమెది అడ్డగీత. ఎవరైనా "మేడం, వచ్చేసింది" అని సంబరంగా వస్తే తలెత్తకుండా "చూసినంతే చెప్పు" అనేవారు. మంచి మాటకైనా, చెడ్డ మాటకైనా అదే. అటెండరు ఒకసారి "మేడం, ప్రిన్సిపాల్ సారు మీ మీద కోపంగా ఉండాడు" అంటే, "చూసినంతే చెప్పప్పా. కోపం చూసినావా, మొగం చూసినావా?" అన్నారు.

నాది పదో తరగతి. లెక్కలు మాత్రం విడవలేదు. పాత పుస్తకాల బండి మీద లాగరిథమ్ పట్టిక పుస్తకం దొరికితే అట్ట లేకపోయినా కొనుక్కుని, దాన్ని ఎట్లా వాడాలో పదకొండు నెలలు తంటాలు పడి నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మేడం నన్ను లెక్కలప్పా అని పిలవడం మొదలుపెట్టారు. ఫ్రీజరు ఎంత చల్లగా ఉందో, గది ఎంత వేడిగా ఉందో రోజుకు మూడుసార్లు రిజిస్టరులో రాసే పని నాకు అప్పజెప్పారు. అది నా ఉద్యోగంలో లేని పని. తొమ్మిదేళ్లలో నేను సెలవు పెట్టిన రోజులు తప్ప ఒక్క గడీ ఖాళీ లేదు.

ఆమె చదువుతున్నది ఎండను. ఎండకు ఒంట్లో ప్రోటీన్లు మడతలు తప్పి పాడవుతాయట. వాటిని పట్టుకుని సర్దే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి, చాపరోన్లు అంటారు. వాటిని ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పంపేయాలో చూసుకునే ప్రోటీను ఇంకొకటి ఉంటుంది. మేడంకు కావలసింది ఆ చివరిది. ఎండలో రాళ్లు కొట్టేవాళ్ల ఒంట్లో అది ఎట్లా ఉంటుంది, నీడలో కూర్చునే నాబోటి వాడి ఒంట్లో ఎట్లా ఉంటుంది? ఇద్దరికీ తేడా ఉందని కళ్లతో చూడాలి. అంతే ఆమె ఏడేళ్ల చదువు.

వేల రకాల ప్రోటీన్లలో దాన్ని ఒక్కదాన్నే గుర్తుపట్టి అతుక్కునే మందు ఉంటుంది. యాంటీబాడీ. కుందేలుకు ఆ ప్రోటీను ముక్కను ఎక్కించి, దాని రక్తంలో తయారైనదాన్ని తీస్తారు. మేడం దాన్ని ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. "కుందేలు" అనేవారు. అది విదేశం నుంచి హైదరాబాదుకూ, హైదరాబాదు నుంచి బస్సులో కర్నూలుకూ వచ్చింది, మంచు ముక్కల మధ్య థర్మోకోల్ డబ్బాలో. కొరియరు ఆఫీసు బల్ల మీద ఆమె, నేను రెండు గంటల నలభై నిమిషాలు కూర్చున్నాం. డబ్బా రాగానే మూత తీసి చేయి లోపల పెట్టారు. మంచు చాలావరకు నీళ్లయింది. వేళ్లు కదిలిస్తూ ఉండిపోయారు.

"ఎట్లుండాది మేడం?"

"చల్లగానే ఉండాదప్పా. చూసినంతే చెప్తాండా."

ఆటోలో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కొంగు కప్పారు. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. ఆటో అతను అద్దంలో చూసి "ఏముందమ్మా దాంట్లో?" అన్నాడు. "కుందేలు" అన్నారు. అతను అద్దాన్ని పక్కకు తిప్పేశాడు.

డబ్బాలోని గొట్టం నా చిటికెన వేలి మొదటి కణుపు అంత. అందులో ఉన్నది నీళ్లలాగే ఉంది, అడుగున కొంచెం. పది ప్రయోగాలకు వస్తుందని ఆమె లెక్క. ఇంకొకటి తెప్పించడం కుదరదని కాలేజీ వాళ్లు ముందే చెప్పేశారు. అప్పట్లో వేసవిలో కరెంటు ఎప్పుడు పోయేదో ఎవరికీ తెలిసేది కాదు. కరెంటు పోగానే మేడం బీరువాలోంచి గొర్రెబొచ్చు కంబళి తీసి ఫ్రీజరుకు కప్పేవారు. నలభై రెండు డిగ్రీల ఎండలో ఫ్రీజరు కంబళి కప్పుకుని ఉంటే, దారిన పోయేవాళ్లు తొంగిచూసి "దీనికి చలిజ్వరమా మేడం?" అనేవాళ్లు. "నీకు తగ్గినాక దీనికి వచ్చింది" అనేవారు ఆమె.

నీడ మనిషిని నేనే. నా రక్తం నాలుగుసార్లు తీశారు. ఎండ మనిషి ఖాసిం, ఓర్వకల్లు రాళ్ల దగ్గర పలకలు కొట్టేవాడు. మొదటిసారి మేడంతో నేనూ వెళ్లాను. మే నెల, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. ఆ రాళ్ల మధ్య నా థర్మామీటరు చూపించిన అంకెను నేనే నమ్మక నీడకు పోయి మళ్లీ వచ్చి చూశాను. ఖాసిం తల గుడ్డ విప్పి, చేయి చాచి, సూది వైపు చూడకుండా అడిగాడు:

"దీంట్ల ఏం చూస్తారమ్మా?"

"మీ కాడ మేస్త్రీ ఉండాడు గదా నాయనా, పని ఎక్కువైతే కూలీల్ని పిలుస్తాడు. అట్ల ఒంట్లో గూడా ఒక మేస్త్రీ ఉంటాడు. ఎండ ముదిరితే కూలీల్ని లేపుతాడు. ఆయప్పను చూడాల."

"మా మేస్త్రీ ఎండ ముదిరితే గుడిసెలో పండుకుంటాడమ్మా. నా ఒంట్లో వాడు గూడా అట్లాటోడే అయితే ఏం చేస్తారు?"

మేడం సూది పట్టుకునే నవ్వారు. చేయి మాత్రం కదల్లేదు. "అయితే అదే రాస్తా. చూసినంతే గదా" అన్నారు. రక్తం తీశాక సంచిలోంచి పొట్లం తీసి ఇచ్చారు. వేయించిన చెనిక్కాయలు, బెల్లం. ఖాసిం దాన్ని విప్పకుండా అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు కట్టినారమ్మా ఇది? దుకాణం వాళ్లు కట్టినట్టుంది" అన్నాడు. ఆ వేసవి మొత్తంలో మేడం మొహం అంత వెలిగిపోవడం నేను ఇంకోసారే చూశాను.

ఆ ఇంకోసారి తొమ్మిదో ప్రయోగం రోజు.

అంతకు ముందు ఎనిమిదీ పోయాయి. మూడు కరెంటు వల్ల. రెండు, కుందేలును మరీ పలచన చేయడం వల్ల. ఒకటి పాలపొడి వల్ల: కుందేలు కనిపించిన చోటల్లా అతుక్కోకుండా ముందు పాలపొడి నీళ్లు పట్టిస్తారు, అది ముద్దలు కట్టింది. మిగతా రెండూ ఎందుకు పోయాయో ఆమెకూ తెలియదు. ప్రతిసారీ జిగురు లాంటి పలకలో రక్తకణాల రసం పోసి కరెంటు పెడతారు. బరువైన ప్రోటీన్లు పైన ఆగిపోతాయి, తేలికవి కిందికి పరుగెడతాయి. వాటిని అట్లాగే తెల్లటి పొర మీదికి దింపి, కుందేలును పోసి, రంగు మందు వేస్తే, ఆ మేస్త్రీ ప్రోటీను ఉన్నచోట గోధుమరంగు గీత రావాలి. రసం పోయడానికి సన్నటి పిప్పెట్టు పట్టుకున్నప్పుడు మేడం ఊపిరి బిగబట్టేవారు. ఆ ఊపిరి వదిలేదాకా నేనూ వదిలేవాణ్ని కాదు. ఎందుకో తెలియదు.

తొమ్మిదోసారి గీత వచ్చింది. రెండు వరసల్లోనూ. నాదానిలో, ఖాసిందానిలో. మేడం తడి పొరను గాజు మీద పరిచి, కిటికీ దగ్గరికి పట్టుకుపోయి, చాలాసేపు చూశారు. తర్వాత "లెక్కలప్పా, స్కేలు తీసుకురా. పై అంచు కాడనుంచి కొలువు. రెండూ విడివిడిగా కొలువు" అన్నారు.

కొలిచాను. నాది ముప్పై ఒకటి మిల్లీమీటర్లు. ఖాసింది ముప్పై. మూడుసార్లు కొలిచాను, మూడుసార్లూ అంతే. మేడం పొట్లం విప్పి నా అరచేతిలో బెల్లం ముక్క పెట్టారు.

నేను అక్కడితో ఆగి ఉంటే ఈ రాతకు పని లేదు.

ఒకే ప్రోటీను, ఒకే పలక, ఒకే స్కేలు. రెండు కొలతలు వస్తే ఏం చేయాలో లెక్క నేర్చినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సగటు తీయాలి. ముప్పైన్నర. పక్క వరసలో బరువు తెలిసిన ప్రోటీన్ల గీతలు ఉన్నాయి. వాటి బరువులకు లాగరిథమ్‌లు తీసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత గీశాను. ముప్పైన్నర దగ్గర దాదాపు ఎనభై వేలు వచ్చింది. మేడం ఇంతకు ముందు ఒకసారి, ఆ ప్రోటీను ఐదు వందల ఇరవై తొమ్మిది పూసలు గుచ్చిన దండలాంటిదని చెప్పి ఉన్నారు. పూస ఒకటికి సగటు బరువు నూట పది. గుణిస్తే యాభై ఎనిమిది వేల నూట తొంభై. యాభై ఎనిమిది వేలు ఎక్కడ, ఎనభై వేలు ఎక్కడ?

మర్నాడు ఉదయం గ్రాఫు ఆమె బల్ల మీద పెట్టాను.

"మేడం, ఇది మీ ప్రోటీను కాదు. ఇరవై రెండు వేలు ఎక్కువ బరువుండాది. కుందేలు వేరేదాన్ని పట్టుకునింది."

గ్రాఫును ఆమె పైనుంచి కిందికి చూశారు. వేలు ముప్పైన్నర దగ్గర ఆగింది.

"నిన్న రెండు కొలతలు చెప్పినావు గదా?"

"అవును మేడం. సగటు తీసినా."

"ఆ ఒక్క మిల్లీమీటరు యాడ పోయిందప్పా?"

"సగటులో కలిసిపోయింది మేడం."

ఆమె నవ్వారు. కుర్చీకి ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. కొంగుతో తుడుచుకున్నారు. నేనూ నవ్వాను, నా జవాబు బాగుందేమోనని. తర్వాత ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆగిపోయింది. పోపుల పెట్టె తెచ్చి మా ఇద్దరి మధ్య పెట్టారు.

"ఇంకొకటే ఉండాది. పదోది. ఇదైపోతే కుందేలు అయిపోయినట్టే. దీన్ని నీ బరువు అనుమానం తీర్చేదానికి వాడాల్నా? ల్యాకపోతే ఖాసిం రక్తం మళ్లొకసారి తెచ్చి ఆ మిల్లీమీటరు మళ్ల వస్తాదేమో చూడాల్నా? నువ్వు చెప్పు."

నన్ను అడిగారు. పదో తరగతి వాణ్ని. నేను రెండు క్షణాలు కూడా ఆలోచించలేదు.

"ముందు బరువు తేలాల మేడం. మనిషే వేరే మనిషైతే, వాడు రవ్వంత పొడుగా పొట్టా అని కొలిచి ఏం లాభం?"

ఆమె అరచేయి పైకెత్తి గడియారం చూసుకున్నారు. టైముతో ఏం పని ఉందో నాకు అర్థం కాలేదు. "నిజమేలేప్పా" అన్నారు. పెట్టె మూత పెట్టేశారు.

ఆ నెలాఖరు కాదు, పై నెలాఖరున రిటైరయ్యారు. థీసిస్ సమర్పించే గడువు కూడా అదే రోజుతో ముగిసింది. సన్మానం వద్దన్నారు. నా గ్రాఫు కాగితం నాకు తిరిగి ఇచ్చారు. ఎనభై వేలు అని రాసిన చోట ఆమె అడ్డగీత ఉంది. నా లెక్కను ఒప్పుకున్నారనుకున్నాను. తప్పు ఫలితం తన పేరు మీద పోకుండా ఒక గుమాస్తా ఆపాడని, ఆమె దాన్ని గౌరవించారని అనుకున్నాను. ఇదీ నేను ఆరేళ్లు చెప్పుకున్న జవాబు. మా బంధువుల పెళ్లిళ్లలో కూడా చెప్పాను. ఆ కాగితాన్ని లాగరిథమ్ పుస్తకంలో దాచుకున్నాను.

ఇప్పుడు ఫ్రీజరు దగ్గరికి వస్తాను.

పొట్లం దారం విప్పాను. లోపల గొట్టం. దానికి చుట్టిన కాగితం, కుందేలుతో పాటు వచ్చిన వివరాల కాగితమే. ఏ వస్తువు కాగితం ఆ వస్తువుకే. దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఎందుకంటే అది వచ్చిన రోజు నుంచీ పొట్లంగానే ఉంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాను. లెక్కగట్టిన బరువు: యాభై ఏడు వేలు. దాని కిందనే, ప్రయోగంలో కనిపించే బరువు: డెబ్బై ఐదు నుంచి ఎనభై ఐదు వేలు. ఈ ప్రోటీనుకు ఒంట్లో వేరే బరువులు తగులుకుని ఉంటాయట, అందుకని పూసల లెక్కకు అందదట. ఆ కిందనే ఇంకో వాక్యం. వేడి తగిలిన కణాలలో ఆ తగులుకునేవి ఎక్కువై గీత కొద్దిగా పైకి జరిగి కనిపించవచ్చు.

నాది ముప్పై ఒకటి. ఎండలో ఉన్న ఖాసింది ముప్పై, ఒక మిల్లీమీటరు పైన.

ఆ వాక్యాలన్నిటి పక్కనా ఆమె అడ్డగీతలున్నాయి, సిరాతో. పైన తేదీ వేశారు. కుందేలు కర్నూలు దిగిన తేదీ అది. నేను గ్రాఫు గీయడానికి చాలా ముందు.

కాగితం వెనక పెన్సిలుతో పట్టిక. ఒకటి నుంచి పది దాకా వరసలు. ఆరింటి పక్కన కరెంటు, పలచన, పాలపొడి అని కారణాలు, రెండింటికి ప్రశ్న గుర్తు. తొమ్మిది పక్కన 31, 30. పది పక్కన ఏమీ లేదు. గొట్టం వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున ఒక బొట్టు కదిలింది.

ఇంటికి పోయి లాగరిథమ్ పుస్తకం దులిపాను. గ్రాఫు మీద ఎనభై వేల దగ్గర ఒక అడ్డగీత సరే. కళ్లజోడు పెట్టుకుని చూస్తే, మూలన నేను కొలతలు రాసుకున్న చోట, 31 పక్కన ఒకటి, 30 పక్కన ఒకటి ఉన్నాయి. ముప్పైన్నర పక్కన లేదు. ఆరేళ్లుగా నా దగ్గరే ఉన్న కాగితం.

అంటే ఆమెకు అన్నీ తెలుసు. నా నోరు మూయించడానికి ఆ పొట్లం విప్పి ఒక్క వాక్యం చూపిస్తే చాలు. ఎందుకు చూపించలేదు? తెలిసి కూడా నన్ను ఎందుకు అడిగారు? నేను "మిల్లీమీటరుకే వాడండి మేడం" అని ఉంటే వాడేవారా? ఒక్కసారి కనిపించినదాన్ని రెండోసారి చూడటానికి భయపడ్డారా? లేక ఒక స్టోరు గుమాస్తా మాటకు ఏడేళ్ల చదువు ఆగిపోయిందనుకోవడం కూడా నా గొప్పేనా?

తలలో పెట్టుకుని తిరగలేక ఆదివారం ఓర్వకల్లు బస్సెక్కాను. ఖాసిం ఇప్పుడు రాళ్లు కొట్టడం లేదు. రోడ్డు పక్కన టీ బంకు పెట్టుకున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"రా అన్నా, రా. సూది తేలేదు గదా?"

మేడం పోయారని చెప్పాను. గ్లాసు కడుగుతున్న చేయి ఆపి, నీళ్లు పారబోశాడు. "శానా మంచామె. మళ్ల వచ్చినప్పుడు గూడా చెనిక్కాయలు తెచ్చినాది" అన్నాడు.

"మళ్ల వచ్చినారా? ఎప్పుడు?"

"నీకు తెల్దా? మా బిడ్డ ఆరో తరగతిలో చేరిన పొద్దు. జూన్‌లో. ఒక్కతే వచ్చినాది, సూదులన్నీ తీసుకొని. ఆ పొద్దు మబ్బు పట్టింది. పన్నెండు దాకా రాయి మింద కూర్చునింది. ఎండ రాల్యా. తీసుకోమ్మా, రక్తం రక్తమే గదా అన్నా. మబ్బులో తీస్తే అది మబ్బు రక్తమే అవుతాదప్పా అనింది. అయితే ఒక గంట సుత్తి కొట్టి ఒళ్లు వేడి చేసుకుంటా, అప్పుడు తీసుకో అన్నా. నవ్వి, అది నీ కష్టం వేడి, నాకు కావాల్సింది ఎండ వేడి అనింది. చెనిక్కాయలు ఇచ్చి బస్సెక్కి పోయినాది."

అంటే నా సలహా పక్కన పెట్టి, మిల్లీమీటరు కోసమే వచ్చారు. నా గుండె తేలికైంది. ఆపింది నేను కాదు, మబ్బు.

"నా గురించి ఏమన్నా చెప్పినారా?"

"చెప్పినాది. మా లెక్కలప్ప నన్ను ఇరకాటంలో పెట్టినాడు అనింది."

"ఏం ఇరకాటం?"

"నాకేం తెలుసన్నా? నవ్వుకుంటానే చెప్పినాది. టీ తాగు, చల్లారిపోతాంది."

మర్నాడు పై అంతస్తు బీరువాలోంచి నా రిజిస్టరు తీశాను. వరద అక్కడిదాకా ఎక్కలేదు. ఆ సంవత్సరం బడులు తెరిచిన తేదీ స్కూలు కాగితాల్లో దొరికింది. ఆ రోజు మధ్యాహ్నం గది వేడి ముప్పై మూడు, పక్కన నా రాతలోనే "మబ్బు" అని ఉంది. ఖాసిం చెప్పింది నిజం. వేలు కిందికి జరిపాను. మూడో రోజు ముప్పై తొమ్మిది. నాలుగో రోజు నలభై. ఆమె రిటైరయ్యేలోపు అట్లాంటి రోజులు ఏడున్నాయి. ఓర్వకల్లుకు గంటకో బస్సుంది. అయినా ఆమె మళ్లీ పోలేదు.

ఏడు రోజులు. మూడుసార్లు లెక్కపెట్టాను, తగ్గలేదు.

మంగళవారం జాబితా తనిఖీకి ఆఫీసరు వచ్చారు. నూట పదిహేనో వరసలో నేను రాసింది ఇది: గొట్టం, కాగితం పొట్లంతో సహా. ఒకటి. పనికిరాదు. రిమార్కుల గడిలో 30, 31 అని రాశాను. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని చూశారు.

"ఇదేందప్పా, రెండంకెలు? ఒకటి కొట్టేయి. ల్యాకపోతే సగటు వేసి ఒకటే రాయి."

"ఇవి కలపగూడదు సార్."

"ఎందుకని?"

"తెల్దు సార్. విడివిడిగా ఉండాల."

ఆయన నన్నొకసారి, పొట్లాన్నొకసారి చూసి, సంతకం పెట్టి పక్క పేజీకి పోయారు. నేను కాగితాన్ని గొట్టం చుట్టూ మడిచి, దారాన్ని పళ్లతో పట్టుకుని మళ్లీ పొట్లం కట్టాను. నలభై సెకన్లు పట్టింది. సరిగ్గా కుదరలేదు.